పేషెంట్లని మోసి మోసి నడుం పోయింది, బెల్ట్ కొనాలా? (బస్సు, శానిటేషన్ డ్యూటీల వాళ్ళు కూడా చెప్పండి)

గోదారి_ఈఎంటీ · ఆదివారం రాత్రి 11:42

అందరికీ నమస్కారం అండి. నేను అంబులెన్సులో ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) చేస్తున్నాను, 8 ఏళ్ళయింది, వయసు 31. ఎక్కడ అనేది వద్దులెండి. పోయిన మంగళవారం ఓ కేసు, మూడో ఫ్లోరు, లిఫ్ట్ లేదు, పెద్దాయన బాత్రూంలో పడిపోయాడు, మనిషి 90 కేజీల పైనే ఉంటాడు. నేనూ మా పైలట్టూ ఇద్దరమే (పైలట్ అంటే విమానం కాదండోయ్, మా దాంట్లో డ్రైవర్ని అలాగే అంటాం). ఇంట్లోవాళ్ళు ఏడుస్తున్నారు, పక్క ఫ్లాటాయన వీడియో తీస్తున్నాడు. బాత్రూంలోంచి హాల్లోకి తెచ్చేసరికే చెమటలు కారిపోయాయి, అక్కడిదాకా బానే ఉంది, రెండో ఫ్లోరు మలుపులో స్ట్రెచర్ తిరగట్లేదు, నేను గోడకి ఆనుకుని నడుం ఓ పక్కకి తిప్పి బరువంతా ఎడం చేతి మీద పట్టాను, అప్పుడే లోపల ఎక్కడో పాత గుడ్డ చిరిగినట్టు అనిపించింది. నొప్పి కూడా లేదండి ఆ టైములో. పెద్దాయన్ని ఆసుపత్రిలో అప్పజెప్పి, టీ తాగి, ఇంకో కేసు కూడా చేశాను. మర్నాడు పొద్దున్న మొహం కడుక్కుందామని వాష్ బేసిన్ మీదకి వంగాను, అంతే, అలాగే ఉండిపోయాను. మా ఆవిడ వచ్చి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

నడుం కొంచెం తగ్గింది గానీ ఎడం పిరుదు నుంచి మోకాలి కింద దాకా తీగ లాగినట్టు లాగుతోంది. ఆన్‌లైన్లో నడుం బెల్ట్ చూశాను, 1200 రూపాయలు. కొనాలా? అసలు ఇలాంటిది రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? ఇంకా 27 ఏళ్ళు చెయ్యాలండి నేను.

గోంగూర_పచ్చడి · రాత్రి 11:58

నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళతో తన్నించుకోవాలి బ్రో. మా ఊళ్ళో ఒకావిడ ఉంది, ఆదివారం పొద్దున్నే ఆవిడ అరుగు ముందు జనం. ఫ్రీ.

గోదారి_ఈఎంటీ · అర్ధరాత్రి 12:05

మా అమ్మ ఆల్రెడీ ఒకాయన్ని పిలిపించేసింది అండి. మూడు తన్నులు తిన్నాను. నాకేం తగ్గలేదు, ఆయన మాత్రం భోంచేసి వెళ్ళాడు.

పాత_పైలట్_మామ · సోమవారం ఉదయం 5:20

బాబూ నేను 14 ఏళ్ళు అంబులెన్స్ నడిపి మానేసినవాణ్ణి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు మా ఊళ్ళో జనం అది ఏదో సినిమా బండి అనుకున్నారు, ఆ తర్వాత కొన్నేళ్ళకి నేను ఈ లైన్లోకి వచ్చా. చెప్పొచ్చేదేంటంటే నీ తప్పు మలుపులో లేదు, మెట్లెక్కేముందు ఉంది. నువ్వు స్ట్రెచర్ తీసుకుని డైరెక్టుగా పైకి పోయావు కదా? మేము కూడా మొదట్లో అంతే, ఫోన్లో అవతలివాళ్ళు అరుస్తుంటే ఒళ్ళు తెలియదు. తర్వాత్తర్వాత నేర్చుకున్నా. ఈఎంటీ పైకెళ్ళి పేషెంట్‌ని చూస్తుంటే నేను మెట్లు చూసేవాణ్ణి. ఎన్ని మెట్లు, మలుపు ఎంత, చెప్పులు సైకిళ్ళు పూలకుండీలు ఏమున్నాయి, లైటు వెలుగుతోందా. చెప్పులన్నీ కాలితో పక్కకి నెట్టేసి, కింద వాచ్‌మన్నీ, ఆ వీడియో తీసే కుర్రాణ్ణీ పేరు అడిగి పిలిచేవాణ్ణి. "ఎవరైనా రండి" అంటే ఒక్కడూ రాడు. "ఏమయ్యా బ్లూ చొక్కా, నీ పేరేంటి, ఇలా రా, ఈ కమ్మీ పట్టుకో" అంటే వాడు ఫోన్ జేబులో పెట్టి వచ్చేస్తాడు. పిలవకపోవడమే మన తప్పు.

ఇంకోటి, 90 కేజీల మనిషిని ఇద్దరు మొయ్యకూడదు. మోయగలం, కానీ మొయ్యకూడదు. మా బ్యాచ్‌లో ఇప్పుడు కింద కూర్చుని లేవగలిగేవాళ్ళు ఎంతమంది అంటే ఇద్దరు. అందులో నేను లేను.

కరీంనగర్_ఫిజియో · ఉదయం 9:14

గోదారి తమ్ముడూ, ముందు అన్నిటికన్నా అవసరమైన ముచ్చట. మూత్రం వస్తున్నది తెలుస్తలేదా, లేక పోదామంటే వస్తలేదా? మోషన్ కంట్రోల్ పోయిందా? కూర్చునే భాగంలో, తొడల లోపలి వైపు తిమ్మిరి ఉన్నదా? పాదం పైకి లేపితే లేస్తలేదా? వీటిల్ల ఒక్కటి ఉన్నా ఈ థ్రెడ్ మూసేసి ఇప్పుడే పెద్దాసుపత్రికి పో, రేపటిదాకా ఆగొద్దు. అవేం లేకపోతే భయం లేదు, నిదానంగ మాట్లాడుకుందాం.

బెల్ట్ గురించి. కొనకు అని చెప్తలేను, కానీ అది కాపాడుతది అనుకుని కొనకు. అమెరికాల నియోష్ అని పనివాళ్ళ ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ ఉంటది, వాళ్ళు 1994లనే చెప్పిండ్రు, దెబ్బ తగలని మనిషికి బెల్ట్ కడితే దెబ్బ తగలకుండా ఉంటది అనడానికి రుజువు లేదు అని. తర్వాత 2000ల వేల మంది స్టోర్ పనివాళ్ళ మీద చూసినా అదే తేలింది, కట్టుకున్నోళ్ళకీ కట్టుకోనోళ్ళకీ తేడా రాలే. ఒక నష్టం కూడా ఉన్నది, బెల్ట్ కట్టుకుంటే మనిషికి ధైర్యం ఎక్కువై ఇంకో పది కేజీలు ఎత్తబోతడు.

ఇగ బరువు లెక్క. అదే నియోష్ వాళ్ళ ఫార్ములా ప్రకారం అన్నీ బాగున్నప్పుడు, అంటే వస్తువు నడుం ఎత్తుల ఉండి, ఒంటికి దగ్గరగా 25 సెంటీమీటర్ల లోపల ఉండి, నడుం తిప్పకుండా ఎత్తితే 23 కేజీల దాకా పర్వాలేదు. అదే వస్తువు 50 సెంటీమీటర్ల దూరం ఉన్నదనుకో, సగం, పదకొండున్నర. నేల మీద నుంచి ఎత్తితే ఇంకా తగ్గుతది, తిప్పితే ఇంకా. మనుషుల్ని ఎత్తడానికి ఇంకా తక్కువ, 16 కేజీలు దాటితే చేతులతోటి కాదు పరికరంతోటి చెయ్యాలె అని 2007ల చెప్పిండ్రు, ఎందుకంటే పేషెంట్ సంచి కాదు, కదులుతడు, భయంతోటి మెడ పట్టుకుంటడు. నువ్వు మోసింది ఒక్కనివి 45. తిప్పిన నడుంతోటి. బాత్రూంల తడి నేల మీద నుంచి మొదలుపెట్టి.

మా క్లినిక్‌కి వచ్చే డ్యూటీ వాళ్ళు అందరూ "ఆ రోజు పట్టేసింది మేడం" అంటరు. ఆ రోజు కాదు. ఆ రోజుకి ముందు వెయ్యి రోజులు ఉన్నయి. మెల్లమెల్లగ అరిగి అరిగి ఉంటది, చివరికి పళ్ళు తోముకుంటుంటే పట్టేస్తది.

గోదారి_ఈఎంటీ · ఉదయం 10:30

మేడం మీరు చెప్పినవి ఏమీ లేవండి, పాదం లేస్తోంది. దగ్గితే తుమ్మితే మాత్రం కాల్లోకి కరెంటు కొట్టినట్టు ఉంటోంది. మంచం మీదే ఉండమంటున్నారు ఇంట్లో, వావిలాకు వేసి మరిగించిన నీళ్ళతో కాపడం పెడుతోంది మా అమ్మ.

కరీంనగర్_ఫిజియో · ఉదయం 10:51

కాపడం మంచిదే, హాయిగ ఉంటది, పెట్టించుకో. మంచం మీద మాత్రం రెండు రోజుల కన్నా ఎక్కువ వద్దు. ఎంత పడుకుంటే అంత లేటయితది. ఇంట్లనే పది నిమిషాలు నడువు, గంట ఆగి మళ్ళ నడువు. చాలా మందికి ఆరు వారాలల్ల ఆపరేషన్ లేకుండనే చాలా వరకు తగ్గుతది. డాక్టర్‌కి ఒకసారి చూపించుకో, మెడికల్ షాపు గోళీలు వారాల తరబడి మింగకు, కడుపుకీ కిడ్నీకీ మంచిది కాదు. ఎమ్మారై రిపోర్ట్ చూసి బెదరకు, నొప్పి లేనోళ్ళకి తీసినా సగం మందికి ఏదో ఒకటి రాసి ఉంటది దాంట్ల.

నీ డ్యూటీకి సంబంధించి ఒక కిటుకు చెప్త, ఇది చాలా మందికి తెల్వదు. బండిల 40 నిమిషాలు వంగి కూర్చుని, ఆగంగనే దునికి, వెంటనే బరువు ఎత్తుడు, గిదే అన్నిటికన్నా డేంజర్. కూర్చున్నంతసేపు నడుం వెనక లిగమెంట్లు (ఎముకల్ని కలిపే పట్టీలు), కండరాలు సాగి ఉంటయి, మళ్ళ బిగుసుకోనీకి టైం పడతది. దిగినంక ఒక్క నిమిషం, నిలబడి రెండు చేతులు నడుం మీద పెట్టి మూడు నాలుగు సార్లు వెనక్కి వంగు. ఆ టైం లేదంటవ్, మెట్లెక్కుతూ కూడా నిటారుగ ఎక్కితే అదే పని అయితది. పొద్దున్న లేచిన మొదటి గంట కూడా అంతే, రాత్రంతా డిస్కులు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు) నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటయి, అప్పుడు వంగితే ఒత్తిడి ఎక్కువ. నీకు వాష్ బేసిన్ కాడ పట్టేసింది అందుకే.

జిమ్_వీరుడు_విజయవాడ · మధ్యాహ్నం 1:02

ఇదంతా వీక్‌నెస్ అన్నా. డెడ్‌లిఫ్ట్ చెయ్యండి. నేల మీద నుంచి 140 కేజీల బరువు ఎత్తుతా నేను, ఎప్పుడూ నడుం నొప్పి రాలేదు. లిఫ్టింగ్ టెక్నిక్ తెలియక వస్తాయి ఇవన్నీ, మోకాళ్ళు వంచి నడుం నిటారుగా పెట్టి ఎత్తితే ఏం కాదు.

పాత_పైలట్_మామ · మధ్యాహ్నం 1:20

నాయనా నీ 140 కి రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీ ఉంటుంది, చల్లగా ఏసీ ఉంటుంది, అది నీ మీద వాంతి చేసుకోదు. రెండడుగుల బాత్రూంలో కమోడ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కున్న మనిషి దగ్గర మోకాళ్ళు వంచు, చూస్తాను.

కరీంనగర్_ఫిజియో · మధ్యాహ్నం 2:10

మామ చెప్పింది నిజం 😀 కానీ జిమ్ తమ్ముని మాటల కూడా సగం ఉన్నది. బలం ఉంటే తట్టుకునే ఓపిక పెరుగుతది, అది నేను కాదనను. తొడలు, పిరుదులు గట్టిగ ఉండాలె. కానీ "సరైన పద్ధతిల ఎత్తుడు నేర్పినం, ఇగ మా బాధ్యత అయిపోయింది" అనుడు మాత్రం కాదు. ఎత్తుడు ట్రైనింగ్ ఒక్కటే ఇస్తే నడుం నొప్పులు తగ్గలేదు అని చాలా పరిశోధనలు కలిపి చూసినంక తేలింది. ఎందుకంటే పోస్టర్ల బొమ్మలో డబ్బా ఉంటది, జాగా ఉంటది. డ్యూటీల ఆ రెండూ ఉండయి. కాబట్టి ఎత్తే అవసరమే తగ్గించాలె, మనుషుల్ని పెంచాలె, ఎత్తు సరిచెయ్యాలె. అవన్నీ అయినంకనే పద్ధతి.

లీడ్స్_లక్ష్మి · రాత్రి 8:45

నేను గుంటూరు నుంచి వచ్చి యూకేలో కేర్ హోంలో చేస్తున్నానండి, మూడేళ్ళు దాటింది. ఇక్కడ మొదటి వారం పేషెంట్ని ముట్టుకోనివ్వలేదు నన్ను, ముందు మూవింగ్ అండ్ హ్యాండ్లింగ్ ట్రైనింగ్ అయ్యాకే. నేను మనసులో నవ్వుకున్నాను, మా మామ్మని నేనొక్కదాన్నే ఎత్తి మంచం మీద వేసేదాన్ని, నాకు వీళ్ళు నేర్పేదేంటి అని. తర్వాత తెలిసింది. ఇక్కడ దీనికి 1992 నాటి చట్టం ఉంది, అందులో మొదటి మాటే, వీలైతే చేత్తో ఎత్తకుండా తప్పించు అని. తప్పించలేకపోతే ముందు ఆలోచించు, తర్వాత తగ్గించు. హోయిస్ట్ (మనిషిని ఎత్తే యంత్రం) వాడాలంటే ఇద్దరు ఉండాలి మా హోంలో, ఒక్కదాన్నే చేశానని తెలిస్తే మాట పడాల్సిందే, ఎంత త్వరగా చేసినా సరే.

మంచంలో పైకి జరపడానికి స్లైడ్ షీట్ అని జారే గుడ్డ ఉంటుంది, పారాషూట్ గుడ్డలాగ, దాన్ని కింద పరిస్తే మనిషిని ఎత్తక్కర్లేదు, జారుతారు. ఎవరైనా కింద పడితే ఎత్తం, ముందు దెబ్బలు చూసి, బానే ఉంటే కుర్చీ పట్టుకుని వాళ్ళంతట వాళ్ళు లేచేలా చెప్తాం, కాదంటే అంబులెన్స్ వాళ్ళు వస్తారు, వాళ్ళ దగ్గర గాలితో ఉబ్బే దిండు ఉంటుంది, పడిన మనిషిని దాని మీద కూర్చోబెట్టి బటన్ నొక్కితే మెల్లగా కుర్చీ ఎత్తుకి లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా మామ్మ గుర్తొచ్చింది నాకు.

ఓరుగల్లు_చిన్నోడు · రాత్రి 9:03

అక్కా గవన్నీ ఆడ. ఈడ దిండు ఎవడు ఇస్తడు. హోయిస్ట్ పట్టే ఇల్లు ఏది. మన గోదారన్న బాధ ఏంది, రెండు మనుషులు, మూడు ఫ్లోర్లు.

లీడ్స్_లక్ష్మి · రాత్రి 9:40

నిజమే తమ్ముడూ, అందుకే స్లైడ్ షీట్ గురించి చెప్పాను. అది బ్యాటరీ కాదు మోటార్ కాదు, ఒక గుడ్డ. నేను పోయిన్నెల ఇంటికొచ్చినప్పుడు మా నాన్నగారికి (పక్షవాతం వచ్చింది) ఎరువుల బస్తా లోపల ఉండే పాలిథిన్ కవర్ శుభ్రంగా కడిగి, దుప్పటి కింద పరిచి చూపించాను, మా అమ్మ ఒక్కతే జరిపేసింది. పది రూపాయలు కూడా అవ్వలేదు. అందరూ మెషీన్లు అనుకుంటారు, ఇక్కడ కూడా సగం పని ఆలోచనలోనే ఉంది.

పాత_పైలట్_మామ · మంగళవారం ఉదయం 5:05

లక్ష్మమ్మ చెప్పింది బాగుంది. మేము దుప్పటి వాడేవాళ్ళం. పాత గట్టి బొంత అయితే మరీ మంచిది, నాలుగు మూలలు చుట్టి చుట్టి ఒంటి దగ్గరకి వచ్చేదాకా మడిచి పట్టుకోవాలి, దూరంగా పట్టుకుంటే ఫిజియో మేడం చెప్పిన ఆ లెక్కే, బరువు రెట్టింపు. ఆరుగురు ఉంటే పక్కకి ముగ్గురు. తల వైపు బరువు ఎక్కువ, అక్కడ గట్టివాళ్ళు. మెట్లు దిగేటప్పుడు కాళ్ళు ముందు, తల వెనక. కింద వైపు ఉన్నోడు వెనక్కి నడుస్తాడు కదా, వాడి వెనక ఇంకొకడు నడుం మీద చెయ్యేసి "మెట్టు, మెట్టు, చదును" అని చెప్తూ రావాలి. ఆ ఒక్క మనిషి ఉంటే సగం ప్రమాదాలు ఉండవు.

పేషెంట్ కూర్చోగలిగితే, మెడకీ వెన్నుకీ దెబ్బ లేదని ఈఎంటీ చెప్తే, కుర్చీయే మేలు. మలుపు తిరుగుతుంది. కానీ చేతులున్న చెక్క కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ వద్దు, ఒకసారి కాలు విరిగింది మాకు, దేవుడి దయ వల్ల చివరి మెట్టు మీద. చీర ఒకటి తీసుకుని ఛాతీకీ మోకాళ్ళకీ కట్టాలి, చేతులు లోపల పెట్టించాలి, లేకపోతే భయపడి రెయిలింగ్ పట్టేసుకుంటాడు, అందరం ఒక్కసారి ఆగిపోతాం, అప్పుడే నడుం పోయేది. దెబ్బలున్న కేసుకి స్కూప్ స్ట్రెచర్ వాడు, అది రెండు ముక్కలుగా విడిపోయి రెండు పక్కల నుంచీ కిందకి దూరుతుంది, పొర్లించి ఎత్తక్కర్లేదు. బండిలో మూలన పడేసి దాన్ని వాడరు చాలామంది, బిగించడానికి టైం పడుతుందని. అర నిమిషం.

మర్చిపోయా. "ఒకటి రెండు మూడు" అంటారే, మూడుతో ఎత్తాలా మూడు అయ్యాకా? ఇది ముందే మాట్లాడుకోండి. నవ్వకండి, మేము ఓ కేసులో ముగ్గురం మూడుకి ఎత్తాం, చుట్టాలబ్బాయి మూడు అయ్యాక ఎత్తాడు, వాడి మూల బరువంతా నా భుజం మీద పడింది. ఆ భుజం ఇప్పటికీ వాన వచ్చే ముందు రోజు చెప్తుంది నాకు.

కండక్టరక్క · మంగళవారం మధ్యాహ్నం 3:33

నేను బరువులు ఎత్తను కానీ నాకూ అదే కథ. బస్సు కండక్టర్‌ని, 14 ఏళ్ళు. కుడి బొటనవేలు మణికట్టు దగ్గర వాచి, గ్లాసు పట్టుకోలేకపోయిన. టికెట్ మిషన్ ఎడమ చేతిల, నొక్కుడు కుడి బొటనవేలుతోటి, రోజంతా. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల ఆడోళ్ళకి బస్సు ఫ్రీ అయినంక జీరో టికెట్లు కూడా కొట్టాలె కదా, ఆడోళ్ళు బయటికి వస్తున్నరు, పనులకి పోతున్నరు, నాకు సంతోషమే, ఎవర్నీ అంటలేను, వేలుకి మాత్రం పని పెరిగింది. డాక్టర్ చెప్పిండు బొటనవేలు స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) మీద పొర వాచింది అని, పట్టీ వేసి మూడు వారాలు వాడొద్దన్నడు. ఇప్పుడు ఏం చేస్తున్న అంటే మిషన్‌ని బ్యాగ్ మీద ఆనించి చూపుడువేలుతోటి కొడుతున్న, గంటకోసారి చెయ్యి మారుస్త. మొదటి రెండు రోజులు స్లో అయిన, తర్వాత అలవాటైంది.

నిలబడుడు సంగతి కూడా. బస్సు బ్రేక్ వేసినప్పుడల్ల ఒక చెయ్యి పైన రాడ్‌కి, దెబ్బంత భుజానికి. ఇప్పుడు సీటు పక్క కమ్మీకి తుంటి ఆనించి నిలబడి టికెట్ కొడుత. క్యాష్ బ్యాగు ఎప్పుడూ ఒకే భుజానికి ఉండేది, ఇప్పుడు అడ్డంగ వేసుకుంట.

స్టీరింగ్_శీను · మంగళవారం సాయంత్రం 6:15

కండక్టరమ్మ అన్నట్టు, నేను హెవీ డ్రైవర్ని, నాదీ నడుమే. మాకు ఎత్తుడు ఉండదు, ఊపుడు ఉంటుంది. ఇంజన్ ఊపు, రోడ్డు ఊపు, స్పీడ్ బ్రేకర్లు. ఒక చిన్న విషయం చెప్తా, మా డాక్టర్ చెప్పింది, వెనక జేబులో పర్సు తియ్యమన్నాడు. 20 ఏళ్ళు దాని మీద ఓ పక్కకి ఒరిగి కూర్చున్నానంట. తీసి చొక్కా జేబులో పెట్టా, రెండు నెలల్లో కాలు తిమ్మిరి సగం తగ్గింది. ఇంకోటి, సీటు ముందుకి జరుపుకోండి, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా నడుం సీటు వదలకూడదు. మన పొట్టి డ్రైవర్లు అందరూ సీటు చివరికి జారి క్లచ్ తొక్కుతారు. తువ్వాలు చుట్ట చుట్టి నడుం ఒంపులో పెట్టుకోవాలి, అది మాత్రం మా నాన్న కాలం నుంచీ ఉంది.

చీపురమ్మ_కొడుకు · మంగళవారం రాత్రి 10:50

మొదటిసారి రాస్తున్నా. మా అమ్మ మున్సిపాలిటీల్లో రోడ్లు ఊడుస్తుంది, 19 ఏళ్ళుగా, కాంట్రాక్ట్. ఏ ఊరో చెప్పను. పొద్దున 4:30 కి మొదలు. నేను చిన్నప్పటి నుంచి అమ్మని వంగే చూశా, నిలబడి ఉన్న ఫోటోలో కూడా కొంచెం వంగే ఉంటుంది. మాకు చేతి చీపురు ఉండేది, ఇంట్లో వాడే కొబ్బరి ఈనెల చీపురే కొంచెం లావుగా కట్టింది, అది పట్టుకుని నడుం మడిచి ఒక కిలోమీటరు. నేను పాలిటెక్నిక్ చదువుతున్నప్పుడు వెదురు కర్ర కోసి ఆ చీపురుకి కట్టి ఇచ్చా. ఎత్తు ఎంత ఉండాలో తెలియక అమ్మ గడ్డం దాకా ఉంచా, ఊడ్చి చూసి ఛాతీ దాకా కోయించింది. వారం తర్వాత పక్క వీధి పిన్ని వాళ్ళు వచ్చి మాకూ కట్టివ్వు అన్నారు, మొత్తం 23 చీపుళ్ళు కట్టా ఆ నెల. కర్ర ముక్కకి రబ్బరు ట్యూబ్ చుట్టాలి, లేకపోతే చేతికి బొబ్బలు.

తోపుడు బండి సంగతి కూడా రాస్తా. లాగకూడదు, తొయ్యాలి. లాగితే బండి మడమకి కొట్టుకుంటుంది, భుజం వెనక్కి తిరుగుతుంది. చక్రం బేరింగ్‌లో గ్రీజు అయిపోతే అదే బండి రెండింతల బరువు. అమ్మ వాళ్ళు ఎవరికో చెప్పి, వాళ్ళు ఇంకెవరికో చెప్పి, గ్రీజు రాదు. నేనే మెకానిక్ షాపు నుంచి డబ్బా తెచ్చి నెలకోసారి పెడతా. తడి చెత్త డబ్బా నిండాక ఒక్కళ్ళే ఎత్తి ఆటోలోకి పైన వెయ్యాలి, తల కన్నా ఎత్తు, అది మాత్రం నేను ఏం చెయ్యలేకపోయా. సగం నిండగానే ఎత్తమని చెప్పా. అమ్మ అంటుంది, అప్పుడు రెండుసార్లు ఎత్తాలి కదరా అని.

కరీంనగర్_ఫిజియో · మంగళవారం రాత్రి 11:20

రెండుసార్లు సగం ఎత్తుడే మంచిది అని అమ్మకి చెప్పు. డిస్కుకి కావాల్సింది అదే. నువ్వు చేసిన పని చాలా మంది ఇంజినీర్లు చెయ్యలే తమ్ముడూ.

హక్కుల_రాజు · బుధవారం ఉదయం 8:00

నడుం సంగతి డాక్టర్లు చెప్పారు, కాగితం సంగతి నేను చెప్తా. నెల జీతం 21,000 లోపు ఉండి స్లిప్పులో 0.75 శాతం ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ అవుతుంటే మీరు ఈఎస్‌ఐ కింద ఉన్నట్టే, కాంట్రాక్ట్ అయినా ఔట్‌సోర్సింగ్ అయినా. మామూలు జబ్బుకి సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది, దానికి చందా ఇన్ని రోజులు కట్టి ఉండాలి అనే రూలు ఉంది. అదే డ్యూటీలో జరిగిన దెబ్బ అయితే 90 శాతం, పని చెయ్యలేనన్ని రోజులు, చందా రోజుల లెక్క లేదు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు జరిగినా వస్తుంది.

గోదారి బ్రదర్, మీరు ఎక్కడ పోగొట్టుకున్నారంటే, ఆ రాత్రి నొప్పి లేదని ఎవరికీ చెప్పలేదు. మలుపులో అలా అనిపించిన వెంటనే సూపర్‌వైజర్‌కి ఒక వాట్సాప్ మెసేజ్, కేసు నంబరు, టైము, "ఎత్తుతుంటే నడుం పట్టింది" అని ఒక్క లైను. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించమని అడగండి. ఇప్పుడైనా రాయండి, ఆలస్యం ఎందుకైందో కూడా రాయండి. మన వాళ్ళు పడిపోయి రక్తం వస్తేనే ప్రమాదం అనుకుంటారు. ఈఎస్‌ఐ లిమిట్ దాటినవాళ్ళకి 1923 నాటి నష్టపరిహారం చట్టం ఉండేది, 2025 నవంబర్ నుంచి దాని బదులు సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, దానికీ మొదట అడిగేది ఆ రోజు రాసిన కాగితమే.

ఓరుగల్లు_చిన్నోడు · బుధవారం ఉదయం 8:25

రాయించుకుంటే "నువ్వు పనికి పనికిరావు" అని తీసేస్తరేమో అని భయం అన్న.

హక్కుల_రాజు · బుధవారం ఉదయం 8:41

ఆ భయం ఉత్తది అని నేను చెప్పను. అందుకే ఒక్కడే వెళ్ళకు. నలుగురు ఒకే నెలలో నలుగురి పేర్ల మీద రాయిస్తే అది మనిషి బలహీనత అనడం కష్టం, పనిలో లోపం అవుతుంది.

గోదారి_ఈఎంటీ · 5 వారాల తర్వాత, శనివారం రాత్రి 9:10

అందరికీ ఒకసారి చెప్పాలని వచ్చానండి. కాలు లాగడం తగ్గింది, తుమ్మితే ఇంకా కొంచెం ఉంది. 17 రోజులు సెలవు, మేడం చెప్పినట్టు నడిచాను, తర్వాత మా ఊరి ఫిజియో దగ్గరకి వెళ్ళాను. రాజు గారు చెప్పినట్టు లేటుగానే అయినా రాసిచ్చాను, కాగితం తీసుకున్నారు, స్టాంపు వేశారు, ఏమవుతుందో చూడాలి.

మళ్ళీ డ్యూటీ ఎక్కాను. బండి ఆగాక నిటారుగా నిలబడి వెనక్కి వంగుతుంటే మొదటిరోజు పేషెంట్ తాలూకు వాళ్ళు "ఏంటండీ యోగా చేస్తున్నారు, మావాడు పోతుంటే" అన్నారు. అందుకే ఇప్పుడు మెట్ల మీదే చేస్తున్నాను. మామ గారూ, మొన్న సరిగ్గా అలాంటి కేసే పడింది, రెండో ఫ్లోరు, లావుపాటావిడ, షుగరు పడిపోయింది. ముందు మెట్లు చూశాను, చెప్పులు తీయించాను. ఫోన్ పట్టుకున్న కుర్రాణ్ణి పేరు అడిగాను, సాయి అన్నాడు, "సాయీ ఇలా రా" అన్నాను. వచ్చాడండి! వాడితో పాటు ఇంకో ఇద్దరు వచ్చారు. ఎక్కించే ముందు "మూడు అన్నాక ఎత్తాలి, మూడుకి కాదు" అని చెప్పాను. మా పైలట్ నా వంక వింతగా చూశాడు. చెక్క కుర్చీ, చీర, అయిదుగురం. నాకు ఒంటి మీద చెమట కూడా పట్టలేదు.

పాత_పైలట్_మామ · ఆదివారం ఉదయం 5:12

వెనక్కి నడిచేవాడి వెనక ఎవర్ని పెట్టావు?

గోదారి_ఈఎంటీ · ఆదివారం ఉదయం 7:30

ఆవిడ మనవరాలండి, ఇంటర్ అమ్మాయి. మెట్లు గట్టిగా లెక్కపెట్టింది, 22 అని. 21 ఉన్నాయి. చివరి మెట్టు లేదని తెలియక మా పైలట్ ఒక్క తూలు తూలాడు గానీ పడలేదు.

అన్నట్టు నేను ఆ బెల్ట్ అప్పటికే ఆర్డర్ పెట్టేశాను, మీ రిప్లైలు రాకముందే. రిటర్న్ డేట్ అయిపోయింది. నాలుగుసార్లు కట్టాను అంతే, సైజు ఎల్. 1200 ది, ఎవరికైనా 400 కి కావాలా?

గోంగూర_పచ్చడి · ఆదివారం ఉదయం 7:34

తన్నే ఆవిడకి ఇవ్వు బ్రో, ఆవిడకిప్పుడు నడుం పట్టేసిందంట.